ఆటలలో ఇంగ్లీషు



మా పదేండ్ల అమ్మాయి ఇంగ్లీషు వ్యాకరణమున నూటికి 90 మార్కులు తెచ్చుకొనును. అయినను, అమెరికాలో పెరిగిన మా ఆడుబిడ్డ కుమార్తె వేసవికి వచ్చి ఇంగ్లీషున పలుకరింపగా, తలవంచుకొని వంటయింటిలోనికి పరుగెత్తినది. కారణము వెదకగా దోషము మాయందే కనబడినది. మావారు ఉపాధ్యాయులు; పిల్ల నోరు తెఱచిన ప్రతిసారియు తప్పు దిద్దుదురు. మేమును "నాన్నగారు చెప్పినట్లు పలుకుము" అని వంతపాడుచుంటిమి. తప్పునకు జడిసి పిల్ల మాటయే మానుకొన్నది.

ఆటలో మనసు గెలుపుమీద నిలుచును గాన, తప్పునుగూర్చిన భయము తగ్గును. అందుచే రాత్రి భోజనములైన పిదప రెండాటలు మొదలుపెట్టితిమి.

మొదటిది ఇరువది ప్రశ్నల ఆట. ఒకరు వంటయింటి వస్తువు నొకదానిని మనసున తలతురు. తక్కినవారు అవును, కాదు అను జవాబులు వచ్చునట్లు 20 ప్రశ్నలకు మించకుండ అడిగి దానిని కనిపెట్టవలెను. మన భాషలో మాట చివర 'ఆ' చేర్చిన ప్రశ్న యగును. ఆ యలవాటున పిల్లలు "ఇట్ ఈజ్ రౌండా?" అందురు. ఇంగ్లీషున క్రియ ముందునకు వచ్చి "ఈజ్ ఇట్ రౌండ్?" కావలెను. ఈ మార్పు ఒక్క ఆటలోనే పలుమార్లు నోట నానును.

రెండవది ముగ్గుల ఆట. ఇద్దరు వీపులానించి కూర్చుందురు. ఒకరి చేతిలోని ముగ్గును రెండవవారు చూడకుండ, వినిన మాటలనుబట్టియే కాగితముమీద వేయవలెను. మనకు 'క్రింద', 'నడుమ' అనునవి పేరునకు వెనుక వచ్చును. ఇంగ్లీషున 'అండర్', 'బిట్వీన్' ముందు వచ్చును. ఒకరికి తెలిసినది వేఱొకరికి తెలియదు గనుక మాటాడక తప్పదు. ఆటలోని కీలకమిదియే.

నియమములు మూడు. ఆట నడుమ తప్పు దిద్దరాదు; ముగిసిన పిదప ఒకటి రెండింటిని మాత్రమే సరిగా పలికి చూపవలెను. మాట తోచనిచో తెలుగుమాటతో ఆట సాగింపవచ్చును. బిడియపడు పిల్లకు మొదట తోడునిచ్చి జంటగా ఆడింపవలెను.

"మాకు ఇంగ్లీషు రాదే" యని సందేహింపకుడు. మేము కావ్యములు చదివినవారమే గాని ఇంగ్లీషునకు క్రొత్తవారమే. మొన్న రోకలిని కనిపెట్టలేక ఓడిపోతిమి. ఆట ముగిసినపిదప మా ప్రశ్నను మా అమ్మాయియే దిద్దినది. తల్లి తప్పు పలికి నవ్వుట చూచి పిల్లకు ధైర్యము కలిగినది.

నిన్న ఆడుబిడ్డ కుమార్తె ఫోను చేయగా, మా పిల్ల తానే అందుకొని మొదటి ప్రశ్న వేసినది. తప్పుగానే వేసినది. మావారు విని యూరకుండిరి.