పేరు కలిసినంత మాత్రాన

2002లో విడుదలైన ‘బ్యాడ్ కంపెనీ’ అనే హాలీవుడ్ చిత్రాన్ని మన ఇళ్ళలో యువకులు చాలామంది చూసే ఉంటారు. పెట్టెలో ఇమిడే అణుబాంబు కోసం బేరమాడుతున్న సి.ఐ.ఎ. గూఢచారి ఒకడు ప్రాగ్ నగరంలో హతుడవుతాడు. పుట్టినప్పుడే వేరుపడిన అతని కవల సోదరుడు అమెరికాలో బ్లాకు టిక్కెట్లు అమ్ముకుని బతుకుతుంటాడు. ఆ సంస్థ అతణ్ణి వెతికి పట్టుకుని, తొమ్మిది రోజుల శిక్షణతో చనిపోయినవాడి పేరునూ మాటతీరునూ తొడుగుతుంది. క్రిస్ రాక్ హాస్యం, ఆంథొనీ హాప్కిన్స్ గాంభీర్యం ఉన్నాయి కనుక వినోదానికి కొదవ లేదు. మేమూ నవ్వాము.

అయితే ఒక సంగతి మమ్మల్ని వదలలేదు. ఆ యువకుడు పేదవాడు, నల్లజాతివాడు, చిల్లర మోసాలతో పొట్ట పోసుకునేవాడు. అయినా ఇంకొకరి పేరు మోయడానికి అతణ్ణి అడిగారు. అతడు ప్రతిఫలం మాట్లాడుకున్నాడు. అడగకుండానే ఒక మనిషికి మరొకరి పేరు తగిలించవచ్చునని ఆ కథ రాసినవారికి తోచినట్టు లేదు.

ఆ చిత్రం వచ్చిన మరుసటి ఏడాదే అదే సంస్థ ఆ పని నిజంగా చేసింది. లెబనాన్ మూలాలున్న జర్మన్ పౌరుడు ఖాలిద్ ఎల్ మస్రీని 2003 డిసెంబరు 31న మాసిడోనియా సరిహద్దులో బస్సు దింపి పట్టుకున్నారు. వారు వెతుకుతున్న మరొక వ్యక్తి పేరు ఇతని పేరును పోలి ఉంది. స్కోప్యేలోని ఒక హోటలు గదిలో 23 రోజులు బంధించి, తరువాత సి.ఐ.ఎ.కు అప్పగించారు. దానితో ఆయన ఆఫ్ఘనిస్తాన్ చీకటి కొట్టులో పడ్డాడు. పొరపాటని తేలాక 2004 మే నెలలో అల్బేనియాలో ఒక కొండదారిలో వదిలివెళ్ళారు. రాజ్య రహస్యాల పేరుతో అమెరికా న్యాయస్థానాలు ఆయన వ్యాజ్యాన్ని వినడానికే నిరాకరించాయి. చివరకు 2012లో యూరోపు మానవ హక్కుల న్యాయస్థానం మాసిడోనియాను దోషిగా నిలిపి 60,000 యూరోలు చెల్లించమన్నది. అసలు పని చేసినవారు ఒక్క యూరో కూడా చెల్లించలేదు.

‘సినిమాను సినిమాగా చూడండి’ అని మనకు హితవు చెప్పే పెద్దమనుషులున్నారు. చూస్తున్నాం. రాజ్యం చేతిలో మనిషి గుర్తింపు ఒక చొక్కా వంటిదనీ, దేశరక్షణ కోసమైతే విప్పి ఇంకొకరికి తొడగవచ్చుననీ ఇటువంటి చిత్రాలు రెండు గంటలపాటు నవ్విస్తూ ఒప్పిస్తాయి. ఆ ఒప్పుదల థియేటరు బయట ఎవరి మీద ఖర్చవుతున్నదన్నదే మా ప్రశ్న.

హైదరాబాదు దానికి సమాధానం చెప్పగలదు. అక్కడ ఒక మనిషి పేరు కలిసింది. ఇక్కడ పేరు ఏ మతానిదో తెలిస్తే చాలింది. 2007 మే 18న మక్కా మసీదులో జుమా వేళ బాంబు పేలి 9 మంది మరణించారు. తరువాత పోలీసు కాల్పుల్లో మరికొందరు నేలకొరిగారు. చనిపోయినవారూ మనవారే, పట్టుబడినవారూ మన పిల్లలే. చేయని నేరాన్ని ఒప్పుకొమ్మని హింసించారు, జైళ్ళలో ఉంచారు. కేసులు న్యాయస్థానాల్లో నిలవలేదు. 2011లో రాష్ట్ర ప్రభుత్వం 70 మందికి పరిహారం ప్రకటించింది. కొందరికి మూడు లక్షలు, అధికసంఖ్యాకులకు ఇరవై వేలు మాత్రమే! ఆ పరిహారపు ఉత్తర్వును కూడా 2013లో హైకోర్టు కొట్టివేసింది. తరువాత నిందితులుగా నిలిచినవారు సైతం 2018లో నిర్దోషులుగా బయటికి వచ్చారు. మసీదులో బాంబు పెట్టినదెవరో ఈనాటికీ ఏ తీర్పూ చెప్పలేదు.

ప్రభుత్వం దయతలచి ఇచ్చే మొత్తం ఇలాగే చేజారుతుంది. అక్రమంగా నేరారోపణకు గురైనవారికి పరిహారాన్ని హక్కుగా చేస్తూ చట్టం తేవాలని 2018 ఆగస్టులో లా కమిషన్ తన 277వ నివేదికలో సిఫార్సు చేసింది. వచ్చే ఎన్నికల్లో మన వీధికి వచ్చే ప్రతి అభ్యర్థినీ ఆ నివేదిక గురించి అడుగుదాం. చదవలేదంటే ప్రతి ఒకటి చేతికిద్దాం.