గెలిచాక మొదలయ్యే ఆట

సుమో అనగానే కొండంత మనుషులు ఢీకొట్టుకోవడమే గుర్తొస్తుంది. మరి బరి దిగిపోయాక వాళ్లేం చేస్తారు? కొందరు గురువులవుతారు. అదీ అందరివల్లా కాదు. జపాన్ సుమో సంఘంలో పెద్దల స్థానాలు 105 మాత్రమే. అందులో ఒకటి దక్కిన మాజీ మల్లుడే తాలింఖానా నడపగలడు. శిష్యులు అక్కడే ఉంటారు. పొద్దున్నే ఖాళీ కడుపుతో సాధన, ఆ తర్వాతే తిండి. వంటపనీ, ఊడ్చే పనీ చిన్నవాళ్లవి. ఒకసారి చేరాక ఇంకో గురువు దగ్గరికి మారడానికి వీల్లేదు!

మన దగ్గర ఆ కోవకు చెందిన గురువంటే పుల్లెల గోపీచంద్. ఆట వేరు, తీరు అదే. 1994లో మోకాలు దెబ్బతింది. ఆపరేషన్లయ్యాయి. ఆట అయిపోయిందనుకుంటే, 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. 1980లో ప్రకాశ్ పదుకొణె గెలిచాక మళ్లీ మనకది దక్కింది అప్పుడే. ఆ పేరు చూసి కూల్‌డ్రింకు ప్రకటన వెతుక్కుంటూ వస్తే, పిల్లల ఆరోగ్యానికి మంచిది కాదని వద్దనేశారు.

2003లో గచ్చిబౌలిలో ప్రభుత్వం అయిదెకరాలిచ్చింది. మరి కోర్టులు కట్టడానికి డబ్బు? సొంతిల్లు తాకట్టు పెట్టారు. దాతలూ ఓ చెయ్యి వేశారు. 2008లో అకాడమీ మొదలైంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనాకు కాంస్యం, 2016 రియోలో సింధుకు రజతం వచ్చాయి. రియోకు ముందు మూడు నెలలు సింధు చేతిలో ఫోను లేదు. అక్కడికి వెళ్లాక ఐస్‌క్రీమూ బంద్. పతకం వచ్చాక ‘ఇక నీ ఇష్టం’ అన్నదీ ఆ గురువే.

ఒక్క తేడా ఉంది. జపాన్‌లో శిష్యుణ్ని నియమం కట్టిపడేస్తుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. 2014లో సైనా అకాడమీ వదిలి బెంగళూరు వెళ్లిపోయింది. చేత్తో పెంచిన మొక్క పక్కింటి పెరట్లో పూస్తే ఎలా ఉంటుంది? అయినా 2017లో తిరిగొస్తానంటే గోపీచంద్ తలుపు తీశారు. గురువుకి అసలు పరీక్ష అదే.

అకాడమీలన్నీ హైదరాబాద్‌లో ఉండొచ్చు. కానీ మధిరలాంటి ఊళ్లలోనూ ఆట మానేశాక ఈల పట్టుకుని పిల్లల్ని పరిగెత్తించే మాస్టార్లుంటారు. ఓ నాలుగు మెళకువలు నేర్పగానే ఆ పిల్లలు పెద్ద ఊరికి వెళ్లిపోతారు. పేపర్లో ఫొటో పడే రోజున పక్కన ఆ మాస్టారు ఉండరు. మీ పిల్లాడు కప్పుతో ఇంటికొస్తే, స్వీట్ల డబ్బా ముందు ఆయనింటికి పంపండి.