గెలిచిన జట్టుకు తలుపు మూయొద్దు

అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న, చదివిన తెలుగువారికి విజ్ఞప్తి



2023 సీజన్‌లో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు 13 మ్యాచ్‌లు ఆడి పదమూడూ గెలిచింది. తన కాన్ఫరెన్స్ టైటిల్ కూడా గెలుచుకుంది. ఆ మర్నాడు, డిసెంబర్ 3న, 13 మంది సభ్యుల ఎంపిక కమిటీ జాతీయ ప్లేఆఫ్‌కు నాలుగు జట్లను ప్రకటించింది. అందులో ఫ్లోరిడా స్టేట్ లేదు. ఒక్కో మ్యాచ్ ఓడిన టెక్సస్, అలబామా ఉన్నాయి. ఒక్క ఓటమీ లేకుండా పెద్ద కాన్ఫరెన్స్ విజేతగా నిలిచిన జట్టును పక్కన పెట్టడం ప్లేఆఫ్ చరిత్రలో అదే మొదటిసారి.

కారణమేమిటంటే, ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలికి నవంబర్‌లో పెద్ద గాయమైంది. అతను లేకపోతే ఆ జట్టు మునుపటి జట్టు కాదని కమిటీ భావించింది. కానీ అతను లేకుండానే ఆ కుర్రాళ్ళు ఫ్లోరిడాను ఓడించారు, లూయివిల్‌ను 16–6తో ఓడించి టైటిల్ తెచ్చారు. తన కాలు ఇంకాస్త ముందే విరిగి ఉంటే, జట్టంటే తానొక్కడే కాదని అందరికీ తెలిసేదని ట్రావిస్ బాధపడ్డాడు. గాయపడ్డ ఆటగాడి చేత ఇలాంటి మాట అనిపించిన పద్ధతిని న్యాయం అనలేం.

2014లో ఒహాయో స్టేట్ కూడా ఇలాంటి దెబ్బే తిన్నది. మొదటి క్వార్టర్‌బ్యాక్ సీజన్ మొదలవకముందే గాయపడ్డాడు. రెండోవాడు మిషిగన్‌తో మ్యాచ్‌లో చీలమండ విరగ్గొట్టుకున్నాడు. మూడోవాడైన కార్డేల్ జోన్స్‌తో దిగి ఆ జట్టు విస్కాన్సిన్‌ను 59–0తో చిత్తు చేసింది. అప్పుడు కమిటీ దాన్ని ప్లేఆఫ్‌కు పిలిచింది. ఆ జోన్స్‌తోనే అలబామానూ, ఆరెగాన్‌నూ ఓడించి జాతీయ ఛాంపియన్ అయింది. గాయాల పాలైన జట్టు ఏం చేయగలదో ఆడించకుండానే చెప్పగలమనేవాళ్ళు ఈ సంగతికి జవాబివ్వాలి. గెలిచినా కిందికి జారడమూ కొత్త కాదు: అదే ఏడాది టెక్సస్ క్రిస్టియన్ (టీసీయూ) మూడో ర్యాంకులో ఉండి, ఆఖరి మ్యాచ్ 55–3తో గెలిచి, ఆరో ర్యాంకుకు దిగిపోయింది.

ఫ్లోరిడా స్టేట్ ఆ తర్వాత ఆరెంజ్ బౌల్‌లో జార్జియా చేతిలో 63–3తో ఓడింది కదా, కమిటీ అంచనా నిజమైంది కదా అని వాదించేవాళ్ళున్నారు. ఆ రోజు మైదానంలో దిగింది పదమూడు గెలిచిన జట్టు కాదు. టైటిల్ ఆశ లేని మ్యాచ్ కనుక ప్రధాన ఆటగాళ్ళు చాలామంది ఆడలేదు. తలుపు మూసినవాళ్ళే ఆ ఫలితాన్ని సాక్ష్యంగా చూపడం తగదు.

చిన్న కాన్ఫరెన్స్‌ల పరిస్థితి ఇంకా కష్టం. 2017లో సెంట్రల్ ఫ్లోరిడా 12కి 12 గెలిస్తే కమిటీ ఇచ్చిన ర్యాంకు 12. ఆ జట్టు పీచ్ బౌల్‌లో ఆబర్న్‌ను 34–27తో ఓడించింది. ఆ ఏడాది జాతీయ ఫైనల్ ఆడిన అలబామా, జార్జియా రెండింటినీ అంతకుముందు ఓడించింది ఆ ఆబర్నే! బలమైన ప్రత్యర్థులతో ఆడలేదన్నది చిన్న జట్ల మీద పాత ఆరోపణ. మ్యాచ్‌లు ఏళ్ళ ముందే కుదురుతాయి. పెద్ద విశ్వవిద్యాలయాలు డబ్బిచ్చి చిన్న జట్లను తమ మైదానానికి పిలుస్తాయి, వాళ్ళ ఊరు వెళ్ళి ఆడటానికి మాత్రం సాధారణంగా ఒప్పుకోవు. ఆడే అవకాశం ఇవ్వకుండా, ఆడలేదని ర్యాంకు తగ్గించడం ఎక్కడి న్యాయం?

2024 నుంచి ప్లేఆఫ్‌లో 12 జట్లయ్యాయి. చోట్లు పెరిగాయి, కమిటీయే ర్యాంకులిచ్చే పద్ధతి మారలేదు. 2025లో నోటర్‌డేమ్, మయామీ రెండూ 10 గెలిచి 2 ఓడాయి. ఆ రెండూ తలపడిన మ్యాచ్‌లో మయామీ 27–24తో గెలిచింది. అయినా వారాల తరబడి కమిటీ నోటర్‌డేమ్‌నే పైన ఉంచింది. ఆఖరి శనివారం రెండింటికీ మ్యాచ్ లేదు. ఆదివారం తెల్లారేసరికి మయామీ పైకొచ్చింది, నోటర్‌డేమ్ బయటికి పోయింది. మయామీకి చోటు దక్కడం సరైనదే అని నా అభిప్రాయం. ఆగస్టులో జరిగిన ఆ మ్యాచ్‌కు డిసెంబర్ దాకా విలువ లేకపోవడమే తప్పు. అదే వారాంతంలో కాన్ఫరెన్స్ ఫైనల్‌లో బ్రిగమ్ యంగ్ (బీవైయూ) 34–7తో ఓడి కిందికి జారింది. అలబామా 28–7తో ఓడినా తొమ్మిదో ర్యాంకులోనే నిలిచి ప్లేఆఫ్‌కు వెళ్ళింది.

పాయింట్లు సమానమైన జట్లను విడదీయడానికి క్రికెట్‌లో మనకు నెట్ రన్‌రేట్ ఉంది. 2019 ప్రపంచకప్‌లో పాకిస్తాన్, న్యూజిలాండ్ చెరి 11 పాయింట్లతో నిలిచాయి. పాకిస్తాన్ న్యూజిలాండ్‌ను ఓడించింది కూడా. అయినా రన్‌రేట్ లెక్కలో న్యూజిలాండే సెమీస్‌కు వెళ్ళింది. ఆ సూత్రం నచ్చనివాళ్ళు ఉండొచ్చు, కానీ టోర్నీ మొదలవకముందే అది పది జట్లకూ తెలుసు. సూత్రాన్ని తిట్టవచ్చు, పక్షపాతం చూపించిందని అనలేం.

ప్లేఆఫ్ ర్యాంకులకు అలాంటి సూత్రం లేదు. డల్లాస్ దగ్గరి గ్రేప్‌వైన్‌లో ఒక హోటల్ గదిలో రహస్య ఓటింగ్ జరుగుతుంది. ఎవరు ఏ జట్టును ఎక్కడ పెట్టారో బయటికి రాదు. సభ్యుల్లో పలువురు పదవిలో ఉన్న అథ్లెటిక్ డైరెక్టర్లు. సొంత విశ్వవిద్యాలయం చర్చకు వస్తే గది దాటి బయటికి వెళ్ళాలన్న నియమం ఉంది, మంచిదే. అయితే 2024, 2025 సీజన్లలో ప్లేఆఫ్‌లోకి వచ్చిన ప్రతి జట్టు తరఫునా దాని కాన్ఫరెన్స్‌కు 40 లక్షల డాలర్లు వచ్చాయి. అందువల్ల సభ్యుడి కాన్ఫరెన్స్‌లోని పక్క జట్టు ఎంపికైనా ఆ సభ్యుడి విశ్వవిద్యాలయానికి లాభం ఉండేది. నేను ఏ సభ్యుడి నిజాయితీనీ శంకించడం లేదు. ఇంత డబ్బు చుట్టూ తిరిగే నిర్ణయం వ్యక్తుల నిజాయితీ మీద మాత్రమే ఆధారపడకూడదంటున్నాను.

చదువుకోవడానికి వచ్చాం, మనకెందుకు అనుకోకండి. అనేక ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో విద్యార్థుల ఫీజుల నుంచే క్రీడా విభాగానికి డబ్బు వెళుతుంది. మీ ఫీజు బిల్లు ఒకసారి చూడండి. డెంటన్‌లోని నార్త్ టెక్సస్‌లో ఎంతమంది మనవాళ్ళున్నారో డల్లాస్ తెలుగువారికి చెప్పనక్కర్లేదు. 2025లో ఆ జట్టు 12లో 11 గెలిచి, కాన్ఫరెన్స్ ఫైనల్‌లో టులేన్ చేతిలో ఓడింది. ఆ ఓటమితో దాని దారి మూసుకుపోయింది. ఓడినందుకు బయటికి వెళ్ళడం న్యాయమే, ఆ న్యాయం అలబామాకూ వర్తించాలి.

ప్లేఆఫ్ మీద అంతిమ అధికారం విశ్వవిద్యాలయాల ప్రెసిడెంట్లు, ఛాన్సలర్లతో కూడిన బోర్డుది. కనుక మన ఒత్తిడి అక్కడే పెట్టాలి. మీ ప్రెసిడెంట్‌కు లేఖ రాయండి. విద్యార్థి సెనేట్‌లో తీర్మానం పెట్టించండి. పూర్వ విద్యార్థులు తమ సంఘం తరఫున రాస్తే ఇంకా బరువుంటుంది, విరాళాలు ఇచ్చేవారి మాట మరీ వింటారు.

ఓటమి లేని కాన్ఫరెన్స్ విజేతకు, అది ఎంత చిన్న కాన్ఫరెన్స్ అయినా, చోటు ఖాయం చేయమని అడగండి. మిగతా చోట్లకు లెక్కకట్టే సూత్రాన్ని సీజన్‌కు ముందే ప్రచురించాలి. గెలుపోటములు సమానమైతే ఆ రెండు జట్లు ఆడిన మ్యాచ్ ఫలితమే ముందు చూడాలి. గాయాల గురించిన ఊహలకు ఆ సూత్రంలో చోటుండకూడదు. కమిటీ ఉన్నంతకాలం ప్రతి సభ్యుడి ఓటూ బయటపెట్టాలి, పదవిలో ఉన్న అథ్లెటిక్ డైరెక్టర్లను అందులో కూర్చోబెట్టకూడదు.

లేఖ ఒక పేజీ దాటనక్కర్లేదు. ఆగస్టు ఆఖర్లో మొదటి మ్యాచ్ మొదలయ్యేలోపు అది ప్రెసిడెంట్ కార్యాలయానికి చేరాలి.