చందుపట్ల రాయి చెప్పిన సాక్ష్యం

బి.ఏ. పూర్తి చేసిన పిల్లవాడు చరిత్రలో ఎం.ఏ. చేస్తానని చెప్పినప్పుడు ఇంట్లో పెద్దలు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: “అది చదివితే ఏమొస్తుంది?” ఆ ప్రశ్నలో తప్పు పట్టవలసినది లేదు. పొలం మీద అప్పు తెచ్చి బిడ్డను పట్నం పంపుతున్న తండ్రికి అలా అడిగే హక్కు ఉంది. అయితే, ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన భారాన్ని తండ్రి మీదనో, కొడుకు మీదనో వేయడం న్యాయం కాదు. చరిత్రను బోధించే విశ్వవిద్యాలయమే చెప్పాలి.

ఓరుగల్లులోని కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది. అంతకు పూర్వం అది ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన స్నాతకోత్తర విద్యాకేంద్రం. ఒక రాజవంశం పేరు పెట్టుకున్న విద్యాలయంలో చరిత్ర చదివే విద్యార్థికి దొరికే గ్రంథాలయం నాలుగు గోడల మధ్య ఇమిడేది కాదు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుని 1163 నాటి శాసనం ఉంది. ఓరుగల్లు కోటలో విరిగిన తోరణాలూ, శిల్పాలూ ఉన్నాయి. నల్లగొండ జిల్లాలో, నకిరేకల్లు సమీపాన, చందుపట్ల అనే ఊరు ఉంది. ఆ ఊళ్లోని ఒక రాతి కథ వింటే చరిత్ర చదవడమంటే ఏమిటో కొంత బోధపడుతుంది.

రాణి రుద్రమదేవి 1295 ప్రాంతం వరకు పాలించిందని చాలాకాలం పాఠ్యగ్రంథాలు చెప్పాయి. చందుపట్ల శాసనం వెలుగులోకి రావడంతో ఆ లెక్క మారిపోయింది. అందులోని కాలం శక సంవత్సరం 1211, విరోధి నామ సంవత్సరం, మార్గశిర మాసం. శక సంవత్సరానికి 78 కలిపితే 1289 వస్తుంది. విరోధి అరవై ఏండ్లకొకసారి తిరిగి వస్తుంది కనుక ఆ పేరొక్కటే చాలదు; శక సంఖ్యతో పొసగినప్పుడే కాలం స్థిరపడుతుంది. శాసనం వేయించినవాడు పువ్వుల ముమ్మడి అనే సేవకుడు. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకప్రాప్తి పొందారనీ, వారి పుణ్యం కొరకు చందుపట్ల సోమనాథ దేవునికి భూమి ఇచ్చామనీ అందులో చెప్పుకున్నాడు. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి శాసన పరిశోధకుల కృషి వలన ఆ రాతి సాక్ష్యం కాకతీయ చరిత్రలో తన స్థానం సంపాదించుకున్నది. సామ్రాజ్యాధినేత్రి మరణకాలాన్ని మనకు చెప్పినది ఏ ఆస్థానకవీ కాదు, కొలువులోని ఒక మామూలు మనిషి.

ఇక్కడ విద్యార్థికి తొలి చిక్కు ఎదురవుతుంది. వెనిస్ యాత్రికుడు మార్కో పోలో చైనా నుంచి సముద్రమార్గాన తిరిగి వెళ్లినది 1290 తరువాతి సంవత్సరాలలో. ముత్ఫిలి రాజ్యాన్ని గురించి, అంటే మన మోటుపల్లి తీరాన్ని గురించి అతడు వ్రాస్తూ, భర్త పోయిన తరువాత నలభై ఏండ్లుగా ఒక రాణి న్యాయంగా పాలిస్తున్నదని కొనియాడాడు. చందుపట్ల రాయి ప్రకారం అప్పటికే రుద్రమ లేదు. పైగా ఆమె గణపతిదేవుని కుమార్తె; అతని తరువాత సింహాసనం ఎక్కినది పుత్రికగానే కాని భార్యగా కాదు. మరి మార్కో పోలో అబద్ధమాడాడా? అలా తీర్పు చెప్పడం తొందరపాటు. రేవులలో నావికులు చెప్పుకున్న మాటలు అతని చెవిన పడి ఉండవచ్చు. తేదీకీ, బంధుత్వానికీ అతని మాట పనికిరాదు. కాని ఒక స్త్రీ పాలన గురించిన కీర్తి పరదేశి చెవి దాకా ప్రాకిందనడానికి అదే మంచి సాక్ష్యం. ఒకే సాక్షి ఒక విషయంలో నమ్మదగనివాడై, మరొక విషయంలో విలువైనవాడు కావచ్చునని గ్రహించడం ఈ చదువులో మొదటి మెట్టు.

రెండవ చిక్కు ఇంకా గట్టిది. రాణి, సేనాని కలిసి శివలోకం చేరారంటే యుద్ధంలో మరణించారని ఊహ కలుగుతుంది. ఎవరి చేతిలో? కాయస్థ నాయకుడైన అంబదేవుడు కాకతీయుల మీద తిరగబడినవాడు. అతని త్రిపురాంతక శాసనం 1290 నాటిది. అందులో తన విజయాలను ఘనంగా ఏకరువు పెట్టుకున్నాడు. ఈ రెండు శాసనాలను ప్రక్కప్రక్కన పెట్టి, రుద్రమ అంబదేవునితో జరిగిన పోరులో మరణించి ఉంటుందని చరిత్రకారులు అనుమానించారు. అది బలమైన ఊహ. అయినా చందుపట్ల రాతి మీద హంతకుని పేరు లేదు.

విద్యార్థి అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. చరిత్ర ఎం.ఏ. చదివేవారిలో చాలామంది దృష్టి గ్రూపు పరీక్షల మీద ఉంటుంది. ఆ ఉద్యోగమే ఇంటి అప్పు తీర్చే మార్గం. “రుద్రమదేవిని చంపినదెవరు?” అన్న ప్రశ్నకు నాలుగు పేర్లిచ్చి ఒకటి గుర్తించమన్నప్పుడు, “శాసనంలో పేరు లేదు” అని వ్రాయడానికి చోటుండదు. అంబదేవుని పేరు గుర్తిస్తే మార్కు వస్తుంది. గుర్తించవలసినదే, ఆకలితో ఉన్నవానికి నీతిబోధ చేయరాదు. కాని ఆ మార్కు తెచ్చుకుంటూనే, తాను గుర్తించినది ఊహ అనీ, సాక్ష్యం ఇంతవరకే ఉన్నదనీ ఎరిగినవానికీ, ఎరుగనివానికీ నడుమ అంతరం ఉంది. రేపు వాడు తహసీల్దారై రెండు పక్షాల దస్తావేజులు ముందు పెట్టుకున్న రోజున ఆ అంతరం తెలుస్తుంది. ఏ కాగితం ఎవరు, ఎప్పుడు, ఎందుకు వ్రాశారని అడిగే అలవాటు ఉన్నవాడు పేదవాని భూమిని కాపాడగలడు.

మరొక కష్టం భాషది. చందుపట్ల శాసనం మన భాషలోనే ఉంది. దానిపై పండితుల చర్చలో ఎక్కువ భాగం ఇంగ్లీషులో సాగింది. ఉన్నతవిద్యకు తెలుగులో పుస్తకాలు అందించాలని 1968లో తెలుగు అకాడమీని స్థాపించారు. అయినప్పటికీ పల్లె నుంచి వచ్చిన విద్యార్థి తన పొరుగూరి రాతిని గురించి పరభాషలో చదివి, నిఘంటువు తిరగవేసి, మళ్లీ తన భాషలోకి తెచ్చుకోవలసి వస్తున్నది. ఈ రెండింతల శ్రమను లెక్కించే మార్కుల పట్టిక లేదు. ఆ శ్రమ చేసినవాడు మాత్రం రెండు భాషలలోనూ మాట బరువును తూచడం నేర్చుకుంటాడు.

శాసనానికి ప్రతి తీసే పద్ధతి సులువైనదే. రాతిని శుభ్రంగా కడిగి, తడి కాగితం పరచి, అక్షరాల లోతులోకి దిగేటట్టు కుంచెతో తట్టి, పైన సిరా అద్దుతారు. చెక్కిన చోట తెల్లగా మిగిలి అక్షరాలు కనిపిస్తాయి. ఊరి గుడిలో సున్నం పూతల క్రింద, పశువుల కొట్టాల ప్రక్కన, చదివేవారి కోసం వేచియున్న రాళ్లు ఎన్నో. సెలవులకు ఇంటికి వచ్చిన విద్యార్థి అటువంటి రాతి ముందు కూర్చుని తండ్రికి ఒక్క పంక్తి చదివి వినిపించగలిగితే, “అది చదివితే ఏమొస్తుంది?” అన్న ప్రశ్నకు పూర్తి జవాబు కాకపోయినా, సగం జవాబు దొరికినట్టే. మిగిలిన సగం ఉద్యోగం రూపంలో ఇవ్వవలసిన బాధ్యత సమాజానిది.