జొన్నగట్కకు టోఫు కూర

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో పల్లీలకు కొదవ లేదు. సోయాచిక్కుడు ఆదిలాబాదు వైపు పంట, మనకు అంగడిసరకు. అయినను మా యత్తగారి మూలమున నది మా వంటింట జేరినది. ఆమెకు పండ్లు లేవు, పప్పు పడదు. గట్కయు మజ్జిగయు దక్క మఱేమియు ముట్టక చిక్కిపోవుచుండ మాకు దిగులయ్యెను.

పావుకిలో గింజలను రాత్రి నానవేసి, ఉదయమున రుబ్బి, రెండు లీటర్ల నీటితో కలిపి వడగట్టవలయును. ఆ పాలను పొంగిన పిదపను పావుగంట మరిగింపుడు. పచ్చివి జీర్ణము గావు, ఇందు తొందర పనికిరాదు. దింపి, నాలుగు నిమ్మకాయల రసమును నీటితో గలిపి పోసినచో విరుగును. గుడ్డలో మూటగట్టి గంటసేపు బరువుక్రింద నుంచిన టోఫు సిద్ధము. మొదటిమారు మేము చాలినంత బరువు పెట్టక పాడుచేసికొంటిమి. నీట ముంచి ఫ్రిజ్‌లో నుంచి, దినదినము నీరు మార్చిన రెండుమూడు దినములు నిలుచును.

పిమ్మట కూర పదినిమిషముల పని. ఉల్లి, పచ్చిమిరప, పసుపు నూనెలో మగ్గించి, టోఫు చిదిమివేసి, ఉప్పును మెత్తని పల్లీపొడియు చల్లిన జాలును.

“విరిగినపాలు తినుటయా?” యని యత్తగారు మొగము త్రిప్పికొనిరి. మేము మాఱు పలుకక గట్క ప్రక్కన నించుక వడ్డించితిమి. మఱునాడు వారే, “నిన్నటి తెల్లకూర మిగిలినదా, బిడ్డా?” యని యడిగిరి.