హైవే పక్కన గుడారానికి చోటివ్వండి

కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ మంత్రి శ్రీ నితిన్ గడ్కరీ గారికి,



మాది నిర్మల్. 44వ నంబరు జాతీయ రహదారి మా ఊరి పక్కనుంచే పోతుంది. ఆ రోడ్డెక్కి నాగపూర్, జబల్‌పూర్, రీవా, ప్రయాగ్‌రాజ్, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ దగ్గర సరిహద్దు దాటి, మోటార్‌సైకిల్ మీద నేపాల్ వెళ్ళొచ్చాను. ఒక్కదాన్నే వెళ్ళాను. వెనక సీటు మీద గుడారం, చాప, చిన్న గ్యాస్ స్టవ్వు కట్టుకున్నాను. సునౌలీ దాకా దాదాపు 1,300 కిలోమీటర్లు. పగలు ఆ దారి గురించి నాకే ఫిర్యాదూ లేదు. ఈ ఉత్తరం రాత్రి గురించి.

చీకటి పడ్డాక ‘ఇక్కడ గుడారం వేసుకోవచ్చు’ అని ఎవరైనా ధైర్యంగా చెప్పగలిగే చోటు ఆ దారిలో నాకు ఒక్కటీ దొరకలేదు. లాడ్జీలు ఊళ్ళో ఉంటాయి, బైపాస్ ఊరి బయటనుంచి పోతుంది. ఇక మిగిలేవి డాబాలు, పెట్రోల్ బంకులు. సివనీ దాటాక ఒక బంకులో అడిగితే వెనకవైపు జాగా చూపించారు. కంకర పోసి రోలర్‌తో తొక్కించిన నేల. మేకు అంగుళం కూడా దిగలేదు. గుడారం తాళ్ళు ఒకవైపు బండికీ, ఇంకోవైపు నీళ్ళు నింపిన క్యాన్లకీ కట్టాను. పక్కనే జనరేటర్. లారీ రివర్స్ తీసిన ప్రతిసారీ, నేలబారుగా ఉన్న నా గుడారం డ్రైవరుకు అద్దంలో కనిపిస్తుందో లేదోనని లేచి టార్చి వెలిగించి బయట పెట్టేదాన్ని. ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం వేసి, తాళంచెవి ఉన్నాయన ఇంటికి వెళ్ళిపోయాడు. ఎండాకాలంలో కూడా నీళ్ళు తాగడం తగ్గించుకుని బండి నడిపే ఆడవాళ్ళున్నారు మంత్రిగారూ. కారణం ఈ తాళమే.

మన వాళ్ళకు మనసు లేక కాదు. రీవా దాటాక ఒక డాబా యజమాని భోజనం పెట్టించి, తన మంచం ఇస్తానన్నాడు. గుడారం మాటెత్తితే మాత్రం ఇబ్బంది పడ్డాడు. ‘రాత్రి గస్తీ పోలీసులు వచ్చి అడిగితే నేనేం చూపించాలి బేటీ’ అన్నాడు. న్యాయమైన ప్రశ్న. ఒంటరి ఆడమనిషిని తన ఆవరణలో గుడారం వేసుకోనిచ్చిన మంచితనం రేపు కేసై మెడకు చుట్టుకుంటుందేమోనని ఆయన భయం. అనుమతి ఉందని చూపించడానికి ఆయన దగ్గర ఒక్క కాగితం ఉంటే ఆ భయం పోయేది.

సరిహద్దుకు అవతల రోడ్డు మనకంటే నయమేమీ కాదు. బేలహియాలో భన్సార్ (కస్టమ్స్) కార్యాలయంలో ఆర్‌సీ, లైసెన్సు చూపించి, రోజుల లెక్కన డబ్బు కట్టి, రసీదు ట్యాంక్ బ్యాగులో పెట్టుకున్నాను. గడియారం పావుగంట ముందుకు తిప్పుకున్నాను. బుట్వల్ దాటగానే సిద్ధబాబా దగ్గర కొండచరియలు విరిగిపడే చోట ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిపాను. కానీ తాన్సేన్ దాటాక ఒక టీకొట్టు దగ్గర ఆగి గుడారం చూపించగానే ఆ దీదీ మొక్కజొన్న కోసేసిన మడి చూపించింది. మడికి ఇంత, దాల్‌భాత్‌కు ఇంత అని ముందే చెప్పింది. నల్లా ఎక్కడుందో, మరుగుదొడ్డి గడియ ఎలా పడుతుందో దగ్గరుండి చూపించింది. మెత్తటి మట్టి, మేకులు అరికాలితో నొక్కితే దిగాయి. మన హైవే మీద బూట్లతోనే పడుకున్నదాన్ని, అక్కడ బూట్లు విప్పి పడుకున్నాను.

మన దారికి ఈ ఆతిథ్యం కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామి గారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి హైదరాబాద్, నాగపూర్, జబల్‌పూర్, ప్రయాగల మీదుగానే వెళ్ళారు. ఏ మజిలీలో నీళ్ళున్నాయి, దిగడానికి వసతి ఉందా అని ఊరూరికీ రాసిపెట్టారు. ఆ కాశీయాత్ర చరిత్రను తెలుగువాళ్ళు ఇప్పటికీ చదువుతారు. బాటసారికి మజిలీ చూపించడం ఈ దారికి తెలిసిన పనే. బండ్ల వేగం పెరిగాక ఆ పని ఎవరిదో తేలకుండా పోయింది.

మీ శాఖకు చేతకాని పనీ కాదు. పెంచ్ అడవిలో ఇదే 44వ రహదారి కింద జంతువులు దాటడానికి తొమ్మిది చోట్ల దారి వదిలారు. పులులు ఆ దారిన నడిచి వెళ్ళడం కెమెరాల్లో నమోదైంది. హైవే పక్క వసతుల కోసం 2024 అక్టోబరులో మీరే ప్రారంభించిన హమ్‌సఫర్ విధానంలో శుభ్రమైన మరుగుదొడ్లు, పసిపిల్లల గదులు, చక్రాల కుర్చీలు, ఛార్జింగ్, పార్కింగ్, బంకుల్లో డార్మిటరీలు ఉన్నాయి. అన్నీ కావలసినవే. అయితే రాత్రిపూట లారీ డ్రైవర్లతో నిండిన డార్మిటరీలోకి ఒంటరి ఆడమనిషి వెళ్ళి మంచం అడగగలదా? సైకిల్ మీద దేశం తిరిగేవాళ్ళకూ, పాదయాత్రగా పుణ్యక్షేత్రాలకు వెళ్ళేవాళ్ళకూ కావలసింది కూడా మంచం కాదు, నేల.

కాబట్టి ఆ విధానంలో గుడారాల స్థలాన్ని కూడా చేర్చమని అడుగుతున్నాను. ఐదారు గుడారాలు పట్టే మట్టి నేల చాలు, కంకర పోయకుండా వదిలేస్తే చాలు. లారీలు తిరిగే వైపు కాకుండా, వాచ్‌మన్ కంటికి ఆనే చోట ఉండాలి. తెల్లవార్లూ తెరిచి ఉండే మరుగుదొడ్డి, ఒక నల్లా, పేరూ బండి నంబరూ రాసుకునే రిజిస్టరు ఉండాలి. రుసుము పెట్టండి, సంతోషంగా కడతాం. ఇక్కడ గుడారం వేసుకోవచ్చని గేటు దగ్గర మీ శాఖ పేరుతో బోర్డు ఉంటే గస్తీ పోలీసుకూ డాబా యజమానికీ ఇద్దరికీ అదే జవాబవుతుంది. ముందుగా సునౌలీ, రక్సౌల్, పానీటంకీ వంటి సరిహద్దు ఊళ్ళకు పోయే దారుల్లో మొదలుపెట్టండి. అటునుంచి గుడారాలు కట్టుకుని మన దేశంలోకి వచ్చేవాళ్ళకు మన ఆతిథ్యం మొదట తెలిసేది ఆ దారుల్లోనే.

వచ్చే చలికాలంలో మళ్ళీ బయలుదేరుతున్నాను. ఈసారి రక్సౌల్ వైపు. ఆ లోపు కనీసం ఒక దారిలోనైనా ఇది మొదలవుతుందా, లేదా అన్నది మీ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాను.

ఇట్లు,
నిర్మల్ నుంచి ఒక మోటార్‌సైకిల్ యాత్రికురాలు