నీళ్లు పోయే చిల్లులోంచే మురుగు వస్తుంది

పంచాయతీ నీళ్లు వదలగానే మొదటి బిందె పట్టి పక్కన పెట్టండి. ఒక్క నిమిషం దాన్ని చూడండి. రంగు మారిందా? అడుగుకి నల్లటి నలకలు దిగుతున్నాయా? ముక్కు దగ్గర పెట్టుకుంటే కాల్వ వాసన వస్తోందా? కాసేపు వదిలేస్తే తేటపడతాయిలే అనుకుని, మొదటి బిందె పారబోసి రెండోది తాగడానికి పట్టుకోవడం మనకు అలవాటైపోయింది. వానలు మొదలవుతున్నాయి. ఈ అలవాటు ఇప్పుడైనా మానుకోమని బతిమాలుతున్నాను. మొదట మురికిగా వచ్చి తర్వాత తేటపడ్డాయంటే, సరఫరా లేని వేళ బయటి మురికి ఎక్కడో పైపులోకి చేరి ఉండొచ్చని అర్థం. తేట కనబడినంత మాత్రాన రోగం పోదు.

కంచికచర్లలోనైనా, నందిగామ, జగ్గయ్యపేటల్లోనైనా పంపు నీళ్లు రోజంతా రావు. వదిలినప్పుడు వస్తాయి, కట్టేసినప్పుడు ఆగుతాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. నీళ్లు జోరుగా పారేటప్పుడు చిల్లులోంచి బయటికి చిమ్ముతాయి. మనం దాన్ని నీటి నష్టం అనుకుంటాం. వాల్వు కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు అదే చిల్లు చుట్టూ నిలిచిన నీటిని లోపలికి పీలుస్తుంది. నిలిచింది వాననీరైతే బురద వస్తుంది. సైడు కాల్వ నీరైతే వాంతులు, విరేచనాలు వస్తాయి.

ఇప్పుడు వీధిలోకి వచ్చి మీ ఇంటి కనెక్షన్ ఎటునుంచి వస్తోందో చూడండి. చాలా ఇళ్లకు ఆ పైపు సైడు కాల్వను దాటుకునే వస్తుంది. కొన్నిచోట్ల కాల్వలో మునిగే ఉంటుంది. జాయింటు కూడా అక్కడే పడితే ఇక చెప్పేదేముంది! దానికి తోడు మనది చాలావరకు నల్లరేగడి. ఎండాకాలంలో నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. అందులో పాతిన పైపు ఏటేటా అటూ ఇటూ కదులుతుంది, జాయింటు వదులవుతుంది. పత్తికి ఇంతకన్నా మంచి నేల లేదు, పైపుకు మాత్రం కాదు.

ఇంకో మాట. ఎవరినీ నొప్పించాలని కాదు. నీళ్లు సన్నగా వస్తున్నాయని కుళాయికి నేరుగా మోటారు బిగించేవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. ఇబ్బంది లేకపోతే ఎందుకు బిగిస్తారు? అయినా అడుగుతున్నాను, తీసేయండి. మోటారు పంచాయతీ పైపులోని నీటిని బలంగా లాగుతుంది. ఆ లాగుడుకి వీధిలో ఎక్కడ చిన్న చీలిక ఉన్నా మురుగు లోపలికి జారుతుంది. అది మీ ఇంటికే వస్తుందని లేదు, పక్కింటి చంటిపిల్ల పాలడబ్బాలోకి పోవచ్చు. నీళ్లు సంపులోకి వాటంతట అవి పడనివ్వండి. సంపు నుంచి పైకి మోటారుతో ఎంతైనా తోడుకోండి.

ఇదంతా భయపెట్టడానికి అల్లిన కథ కాదు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో, ఆ చుట్టుపక్కల పేటల్లో తాగునీటి పైపుల్లో మురుగు కలిసింది. వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు, పలువురు చనిపోయారు. 2024 జూన్‌లో మన జగ్గయ్యపేట ప్రాంతంలోనే అతిసారం ప్రబలింది, ప్రాణాలు పోయాయి. అదే ఏడాది అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలోనూ అదే ఘోరం. మన వీధిలో ఒకే రోజు రెండు మూడిళ్లలో విరేచనాలంటే అది తిండి తేడా కాకపోవచ్చు. వెంటనే ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో చెప్పండి. రోగికి ఓఆర్ఎస్ తాగించండి. కళ్లు లోతుకుపోయినా, మూత్రం ఆగినా, పిల్లలు మత్తుగా పడుకున్నా 108కి ఫోన్ చేయండి. నీళ్లు బాగుపడేదాకా తెర్లకాగిన నీళ్లే తాగండి. లేదంటే ఏఎన్ఎం ఇచ్చే క్లోరిన్ బిళ్ల వేసి, అరగంట ఆగి తాగండి.

ఇక ఇంట్లో సంగతి. ఏది మన చేతి పని, ఏది ప్లంబరు పని అనే తేడా తెలియకే చాలా ప్రమాదాలు జరుగుతున్నాయి. కుళాయి చుక్కలు కారుతుంటే వాచరు అరిగిందన్నమాట. గేటు వాల్వు కట్టి మీరే మార్చుకోవచ్చు. ఒక్క కుళాయిలోనే ధార సన్నబడితే మూతికి ఉండే జాలీలో ఉప్పు పేరుకుంది. విప్పి నిమ్మరసంలో నానబెడితే పోతుంది. మన బోరు నీళ్లకు ఇది తప్పని తద్దినం. సింకు ఒక్కటే నెమ్మదిగా దిగుతుంటే కింద ట్రాపు విప్పి జిడ్డు తీయండి. వీటికి ఎవర్నీ పిలవక్కర్లేదు.

కానీ ఇంట్లో కుళాయిలన్నీ ఒకేసారి సన్నబడితే ఆగండి. లైనులో ఏదో అడ్డం పడింది, లేదా ఎక్కడో పగిలింది. అన్ని తూములూ ఒకేసారి నెమ్మదించి, లెట్రిన్‌లో నీళ్లు పోస్తే బాత్రూం తూములో గుడగుడమంటే, మెయిన్ లైను మూసుకుపోయింది లేదా సెప్టిక్ ట్యాంకు నిండింది. గోడకు చెమ్మ పట్టి సున్నం పొక్కులు లేస్తుంటే లోపల పైపు కారుతుండొచ్చు. పైన రంగు వేసి కప్పేయకండి. కారే పైపు పక్కనే కరెంటు వైరు ఉండొచ్చు. అనుమానం ఉంటే రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, మోటారు ఆపి, ట్యాంకులో నీటి మట్టం దగ్గర సుద్దతో గీత పెట్టండి. పొద్దున్నే చూడండి. గీత దిగువకు పోతే నీళ్లు ఎటో పోతున్నాయి. అప్పుడు ఎం-సీల్ రాసి, గుడ్డ చుట్టి పండగ వెళ్లనిద్దాం అనుకోవద్దు. ప్లంబరుకు ఆ రోజే ఫోన్ చేయండి.

తూము మూసుకుపోతే చాలామంది యాసిడ్ సీసా అందుకుంటారు. అది పని చేయకపోతే పైన బ్లీచింగ్ పొడి చల్లుతారు. అమ్మా, చేతులెత్తి మొక్కుతాను, ఆ రెండూ కలపొద్దు. బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపేసిన చిన్న బాత్రూంలో అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. ఘాటు తగలగానే ఉన్నదున్నట్టు వదిలేసి బయటికి రండి. పైగా పొద్దున పోసిన యాసిడ్ పైపులో అలాగే ఉంటే, సాయంత్రం తూము విప్పిన ప్లంబరు మొహాన చిమ్ముతుంది. ఏం పోశారో అతనికి ముందే చెప్పండి. సిగ్గుపడాల్సిన సంగతి కాదు.

కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోందా? అప్పుడు ముందు పిలవాల్సింది ప్లంబరును కాదు, ఎలక్ట్రీషియన్‌ను. మెయిన్ ఆపేయండి. పిల్లల్ని బాత్రూంలోకి పోనివ్వకండి. గీజరులోనో మోటారులోనో కరెంటు లీకవుతోంది. పాత ఇళ్లలో ఇంకో ముప్పు పొంచి ఉంది. ఒకప్పుడు ఎర్తు వైరును ఇనప నీళ్ల పైపుకే చుట్టేవారు. తుప్పు పట్టిందని ఆ ఇనప పైపు తీసి ప్లాస్టిక్ పైపు వేశాం. నీళ్లు బాగానే వస్తున్నాయి, ఎర్తు మాత్రం తెగిపోయింది. ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు. మీ ఇంట్లో అలాంటి మార్పు జరిగి ఉంటే ఎర్తింగ్ ఉందో లేదో వెంటనే చూపించుకోండి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే కట్టేసే స్విచ్) పెట్టించండి. మామూలు ఫ్యూజు వైరును కాపాడుతుంది, ఇది మనిషిని కాపాడుతుంది.

బకెట్లో హీటర్ రాడ్ వేసి, కాగాయో లేదోనని వేలు పెట్టి చూడటం ఇంకా ఆగలేదు. ప్లగ్గు పీకాకే చెయ్యి పెట్టండి. గీజరు పక్కన ఒత్తిడి వాల్వు నుంచి చుక్కలు పడుతుంటే విసుగొచ్చి దాన్ని బిగించేసేవాళ్లున్నారు. లోపల ఆవిరి పెరిగినప్పుడు బయటికి పోవడానికి ఉన్న దారి అదొక్కటే. దాన్ని మూస్తే గీజరు పేలిపోవచ్చు. లోపల టపటపమని చప్పుడు వస్తుంటే కాయిల్‌కు ఉప్పు గట్టిగా పట్టిందని గుర్తు. కాలిపోయేదాకా ఆగకుండా మనిషిని పిలిచి దించి కడిగించండి. మన దగ్గర కాలేజీ పిల్లలకు గదులు అద్దెకిచ్చే ఇళ్లు చాలా ఉన్నాయి. అక్కడ గ్యాసు గీజరు పెడితే బాత్రూం బయటే పెట్టండి. మూసిన గదిలో అది వదిలే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. స్నానానికి వెళ్లిన పిల్లాడు మళ్లీ బయటికి రాకపోవచ్చు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది సెప్టిక్ ట్యాంకు గురించి. మూత తీయగానే లోపలికి తొంగి చూడొద్దు. వెలుతురు కోసం అగ్గిపుల్ల గీయొద్దు, లోపల మీథేన్ ఉంటుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. అది గాలికన్నా బరువు, అడుగునే నిలుస్తుంది. మోతాదు పెరిగితే ముక్కుకు వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. వాసన లేదు కదా అని దిగినవాడు రెండు ఊపిర్లకే కూలిపోతాడు. అతన్ని లాగుదామని రెండోవాడు దిగుతాడు, తర్వాత మూడోవాడు. 2016 ఆగస్టులో హైదరాబాద్ మాదాపూర్‌లో మ్యాన్‌హోల్‌లో దిగినవాళ్లు, వాళ్లను కాపాడబోయినవాళ్లు కలిసి నలుగురు పోయారు. 2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర మొరం గ్రామంలో కోళ్ల పరిశ్రమ ట్యాంకులో ఒకరి వెనక ఒకరు దిగి కనీసం ఏడుగురు కూలీలు ప్రాణాలు వదిలారు. ఎవరైనా లోపల పడితే మీరు దిగకండి. గుండె ఒప్పదు, తెలుసు. అయినా దిగకండి. 101కి, 108కి ఫోన్ చేయండి. ఊపిరి పీల్చే పరికరం ఉన్నవాళ్లే దిగాలి.

రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్లదాకా జైలు, లేదా రెండు లక్షలదాకా జరిమానా, లేదా రెండూ. మురుగు గుంతల్లో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. చట్టాన్ని చూపి బెదిరించడం నా ఉద్దేశం కాదు. వెయ్యి రూపాయలు తక్కువకు దిగుతానని వచ్చేవాడు తాగి వస్తాడు, ఆ కంపును తట్టుకోవడానికి. ఇంట్లో అతనికి ఎదురుచూసే పిల్లలుంటారు. ట్యాంకు లారీని పిలవండి. గొట్టం వేసి పీల్చుకుపోతుంది, మనిషి దిగక్కర్లేదు. ఎక్కడ దొరుకుతుందో తెలియకపోతే 14420కి ఫోన్ చేయండి. రెండు మూడేళ్లకోసారి తీయిస్తే పొంగేదాకా రాదు.

ఇల్లు కట్టుకునేవాళ్లకు ఒక మనవి. సెప్టిక్ ట్యాంకు ఇంకుడు గుంటకు, తాగునీటి బోరుకు మధ్య 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగులు ఉండాలని మన దేశపు నిర్మాణ ప్రమాణం. రెండు మూడు సెంట్ల స్థలంలో అంత దూరం ఎక్కణ్నుంచి వస్తుంది? రాదు. పక్కింటాయన గుంట మీ బోరుకు ఇంకా దగ్గర కూడా కావచ్చు. అలాంటప్పుడు ఆ బోరు నీళ్లు వాడుకకే ఉంచుకోండి, తాగడానికి వద్దు. గుంట తవ్వేముందు గోడ అవతలి వాళ్లను వాళ్ల బోరు ఎక్కడుందో అడగండి.

మున్నేరు ఒడ్డున ఉన్నవాళ్లకు వేరే చెప్పాలా? 2023 జూలైలో ఐతవరం దగ్గర హైవే మీదికే నీళ్లొచ్చి హైదరాబాద్ బస్సులు ఆగిపోయాయి. వరద తీశాక సంపులో నీళ్లు తేటగా కనిపించినా పూర్తిగా తోడేసి, గోడలు రుద్ది కడిగి, బ్లీచింగ్ నీళ్లతో శుద్ధి చేశాకే నింపుకోండి. మునిగిన మోటారును ఎలక్ట్రీషియన్ చూడకుండా స్విచ్ వేయకండి. తడి నేల మీద నిలబడి అసలే వేయకండి.

ప్లంబరును పిలిచేటప్పుడు రేటు ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. గీజరు లైనుకు సీపీవీసీ పైపే వేయించండి. మామూలు పీవీసీ వేడికి మెత్తబడి వంగిపోతుంది. డాబా మీద ఎండకు వదిలేసిన పీవీసీ పెళుసెక్కుతుంది. వేసవి వార్తల్లో నందిగామ ఎండ గురించి వింటూనే ఉంటాం కదా, ఆ పైపుకు తెల్లరంగైనా వేయించండి. సొల్యూషన్ పూసిన జాయింటు ఆరకముందే నీళ్లు వదలమని తొందరపెట్టకండి. గోడ పూడ్చేముందు లైనులో నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి ఒక రాత్రి ఉంచమనండి. మంచి పనివాడు ఆ మాటకు నొచ్చుకోడు. నొచ్చుకున్నవాడితో పని మానుకోండి.

ఈ ఆదివారం నీళ్లు వదిలే వేళకు కనెక్షన్ పైపు వెంట వీధి చివరిదాకా నడవండి. కాల్వలో మునిగిన జాయింటు కనిపిస్తే ఫోటో తీసి, సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటుకు రాతపూర్వకంగా ఇవ్వండి. పక్కింటివాళ్ల సంతకం కూడా పెట్టించండి. వీధి పైపు పంచాయతీది, అక్కడ గునపం మీరు పట్టొద్దు. వీధి పైపు నుంచి మీ గడపదాకా ఉన్న కనెక్షన్ మీది. కాల్వలో ఉన్న ఆ ముక్కను పైకి లేపి, జాయింటు లేని ఒకే పైపుగా వేయించుకోవడానికి ప్లంబరుకు ఒక పూట పని. వానలు ముదరకముందే ఆ పని చేయించండి.